42 ఏళ్లు ఆగి... మళ్లీ నడిచింది!

1994 అక్టోబరు 24. జర్మనీలోని డ్రెస్డెన్ నగరం. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకు కూలిపోయి, అప్పటికింకా మరమ్మతులు పూర్తికాని రాజప్రాసాదంలో ఒక సమావేశం. విలేకరుల ముందు నాలుగు కొత్త వాచీలు. వాటిని చూపిస్తున్న వాళ్లలో డెబ్భై ఏళ్ల పెద్దాయన ఒకరు. ఆ నాలుగింటిలో తేదీ కనిపించేవి మూడు. మూడింటిలోనూ కనిపిస్తున్న తేదీ... 25!

ప్రపంచంలోకెల్లా మేలైన వాచీలు చేస్తామని వచ్చినవాళ్లు తేదీ తప్పు పెట్టుకొచ్చారా? కాదు. ఆ ఫొటోలు పేపర్లో వచ్చేది మర్నాడు. పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు తిరగేసే పాఠకుడికి వాచీలో ఆ రోజు తేదీయే కనిపించాలి. అందుకని ముందే 25కి తిప్పి పెట్టారు. అప్పట్నుంచీ ఆ కంపెనీ విడుదల చేసే ఫొటోల్లో వాచీలు 25వ తేదీ చూపించడం ఆనవాయితీ అయిపోయింది.

ఒక్క రోజు తేడా గురించి అంత పట్టింపు చూపించిన ఆ కంపెనీ, అంతకు ముందు ఏకంగా 42 ఏళ్లపాటు లోకంలో లేకుండా పోయింది. దాని పేరు 'ఎ.లాంగె అండ్ జోనె'. జోనె అంటే జర్మన్‌లో కొడుకులు. మన బజార్లో '...అండ్ సన్స్' అని బోర్డులు కనిపిస్తాయే, అలాగన్నమాట. ఆ సమావేశంలోని పెద్దాయన వాల్టర్ లాంగె, కంపెనీ పెట్టిన మనిషికి మునిమనవడు.

ఖరీదైన వాచీలనగానే అందరికీ స్విట్జర్లాండే గుర్తొస్తుంది. ఈ కథ మాత్రం స్విట్జర్లాండ్‌ది కాదు. డ్రెస్డెన్‌కి దక్షిణాన పాతిక కిలోమీటర్ల దూరంలో, కొండల నడుమ ఇరుకు లోయలో ఒదిగిన గ్లాస్‌హ్యూటె అనే చిన్న ఊరిది.

వెండి అయిపోయింది... గడ్డి మిగిలింది

ఆ ప్రాంతాన్ని జర్మన్లు 'ఖనిజపు కొండలు' అంటారు. ఒకప్పుడు అక్కడ వెండి గనులుండేవి. ఆ వెండితోనే శాక్సనీ రాజులు వైభవంగా బతికారు. 19వ శతాబ్దం వచ్చేసరికి గ్లాస్‌హ్యూటెలో తవ్వినా దక్కేదేమీ లేకుండా పోయింది. పొలాలు చూస్తే రాళ్లూ రప్పలూ. చలికాలం చూస్తే నెలల తరబడి. గడ్డిపోచలు అల్లి, ఆ జడలు అమ్ముకుని గంజి తాగే కుటుంబాలు ఊరినిండా ఉండేవి.

అదే కాలంలో డ్రెస్డెన్‌లో ఒక యువకుడు వాచీల పని నేర్చుకుంటున్నాడు. ఫెర్డినాండ్ అడాల్ఫ్ లాంగె. పుట్టింది 1815లో. తండ్రి తుపాకులు చేసేవాడు. తల్లిదండ్రులు విడిపోవడంతో అడాల్ఫ్ ఒక వ్యాపారి ఇంట పెరిగాడు. రాజాస్థానానికి గడియారాలు చేసే గుట్కేస్ దగ్గర శిష్యుడిగా చేరాడు. పని ఒంటబట్టాక 1837లో దేశాటనకు బయల్దేరాడు. పారిస్‌లో పేరున్న గడియారాల నిపుణుడు వినెర్ల్ దగ్గర పనిచేశాడు. స్విట్జర్లాండ్ చూశాడు. ఎక్కడికెళ్లినా చేతిలో ఒక నోటుపుస్తకం. పళ్లచక్రాల కొలతలూ బొమ్మలూ లెక్కలూ అందులో రాసుకునేవాడు. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది.

1841లో తిరిగొచ్చి, మరుసటేడు గురువుగారి కూతురు ఆంటోనియాని పెళ్లి చేసుకున్నాడు. ఇక మామగారి దుకాణం, రాజుగారి ప్రాపకం, డ్రెస్డెన్‌లో సుఖమైన బతుకు. ఇంకొకరైతే అక్కడితో ఆగిపోయేవారే. అడాల్ఫ్ ఆగలేదు. కొండ ప్రాంతంలో జనం పస్తులుంటున్నారు, వాళ్లకి వాచీల పని నేర్పిస్తాను, అప్పిప్పించండి అని శాక్సనీ ప్రభుత్వానికి లేఖ మీద లేఖ రాశాడు. ఎన్నో ఉత్తర ప్రత్యుత్తరాల తర్వాత ప్రభుత్వం ఒప్పుకుంది. కొన్ని వేల థేలర్ల అప్పు, దానికో షరతు... పదిహేను మంది స్థానిక కుర్రాళ్లకి పని నేర్పాలి!

1845 డిసెంబరు 7న గ్లాస్‌హ్యూటెలో పని మొదలైంది. వచ్చినవాళ్లు వాచీని దగ్గర్నుంచి చూసి కూడా ఎరగరు. గడ్డి అల్లినవాళ్లు, రాళ్లు కొట్టినవాళ్లు, పొలం పనులకు పోయినవాళ్లు. బండలు మోసిన ఆ వేళ్లకి వెంట్రుకంత ఇరుసుని పట్టుకోవడం నేర్పాలి. పనిముట్లు బజార్లో దొరకవు, అవీ చేసుకోవాలి. ప్రభుత్వం ఇచ్చిన డబ్బు ఆవిరైపోయింది. అడాల్ఫ్ సొంత డబ్బు కూడా అందులో పోశాడు.

ఇవాళ కోటీశ్వరులు మోజుపడే వాచీ పుట్టింది ఇలా... కరవు నివారణ పథకంగా!

ఊరంతా ఒక కార్ఖానా

అడాల్ఫ్ గొప్పతనం చేతిపనిలో కన్నా ఏర్పాటులో ఎక్కువ కనిపిస్తుంది. అప్పట్లో వాచీలవాళ్లు 'లిన్యె' అనే పాత ఫ్రెంచి కొలత వాడేవారు. దాంతో సూక్ష్మమైన లెక్కలు తెగేవి కావు. ఆయన దాన్ని పక్కనపెట్టి మిల్లీమీటర్లలోకి మారిపోయాడు. మిల్లీమీటరులో పదోవంతు తేడాని పట్టేసే కొలత పరికరాలు చేయించాడు. మొత్తం వాచీని ఒక్కరే చేయడం కాకుండా పని పంచాడు. ఒకరు చక్రాలు, ఒకరు మరలు, ఇంకొకరు ముళ్లు. పని పట్టుబడినవాళ్లని, మీరే సొంతంగా పెట్టుకోండి, నాకు సరుకివ్వండి అని ప్రోత్సహించాడు. అలా ఇంటింటా కార్ఖానాలు వెలిశాయి.

యూలియస్ అస్మన్, మోరిట్జ్ గ్రాస్‌మన్ లాంటి నిపుణులు అదే ఊళ్లో సొంత కంపెనీలు పెట్టారు. నిజానికి వాళ్లు పోటీదారులు. అయినా ఆయన వాళ్లనీ రమ్మన్నాడు. ఊళ్లో పని పెరగడమే ఆయనకి కావలసింది. 1848 నుంచి 1866 దాకా పద్దెనిమిదేళ్లు గ్లాస్‌హ్యూటెకి మేయరు కూడా ఆయనే. 1868లో పెద్దకొడుకు రిచర్డ్ భాగస్వామిగా చేరడంతో కంపెనీ పేరు చివర 'కొడుకులు' వచ్చి చేరారు. చిన్నకొడుకు ఎమిల్ మూడేళ్ల తర్వాత వచ్చాడు. 1875లో, అరవై ఏళ్ల వయసులో అడాల్ఫ్ చనిపోయాడు. మరో మూడేళ్లకి గ్రాస్‌మన్ చొరవతో అక్కడ వాచీల పని నేర్పే బడి కూడా మొదలైంది. ఇంతా చేసి ఆ ఊరికి రైలు వచ్చింది 1890లో!

లోపల ఏముంటుంది?

కీ ఇచ్చే వాచీ తాతగారి చేతికి ఉండగా చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కీ తిప్పితే లోపలి కమాను బిగుసుకుంటుంది. అది మెల్లగా విప్పుకుంటూ పళ్లచక్రాలని తిప్పుతుంది. ఒక్కసారిగా విప్పుకోకుండా 'టిక్... టిక్...' మంటూ ఆపి ఆపి వదిలే పని బాలెన్స్ చక్రానిది. దాని కింద వెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగ్ ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటుంది. 1994లో వచ్చిన 'లాంగె 1' వాచీలో ఆ టిక్కులు గంటకు 21,600. పాత వాచీల డయలు మీద '17 జ్యూయెల్స్' అని రాసుండేది కదా, అవి అలంకారానికి కాదు. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా తిరగడానికి పెట్టే కెంపురాళ్లు.

ఇంతవరకూ ఏ కీ వాచీ అయినా ఒకటే. గ్లాస్‌హ్యూటె తేడా వాచీని వెనక్కి తిప్పితే కనిపిస్తుంది. స్విస్ వాచీల్లో ఒక్కో చక్రాన్ని ఒక్కో చిన్న పట్టీ పట్టుకుని ఉంటుంది. చక్రాలని ఒకటొకటిగా అమర్చుకోవచ్చు. అడాల్ఫ్ 1864కల్లా ఆ పట్టీలన్నీ తీసేసి, వాచీలో ముప్పాతిక భాగాన్ని కప్పేసే ఒకే పలక పెట్టాడు. అది కదలదు, మెదలదు. వాచీ గట్టిగా ఉంటుంది. కానీ బిగించేవాడికి నరకం. ఇరుసులన్నీ ఒకేసారి తమ తమ చిల్లుల్లోకి దూరాలి. ఒకటి కుదిరిందనుకుంటే ఇంకొకటి పక్కకు జరుగుతుంది. కంటికి భూతద్దం, ఊపిరి బిగబట్టిన మనిషి, చిమటాతో ఆ చిన్న యుద్ధం... నేటికీ అంతే.

కెంపురాళ్లని బంగారు ఉంగరాల్లో పొదిగి, నీలిరంగు మరలతో బిగిస్తారు. ఆ నీలం పూతపూసిన రంగు కాదు. ఉక్కు మరని వేడి చేస్తుంటే పసుపు, గోధుమ, ఊదా రంగులు దాటి దాదాపు 300 డిగ్రీల దగ్గర ముచ్చటైన నీలంలోకి వస్తుంది. ఆ క్షణంలో తీసేయాలి. రెండు క్షణాలు ఆలస్యమైందా, ఆ మర పనికిరాదు. బాలెన్స్ చక్రం మీది పట్టీకి చేత్తో పూలు చెక్కుతారు. చేతిరాతలాగే ఒక్కొక్కరి చెక్కుడు ఒక్కోలా ఉంటుంది. ఏ పువ్వు ఎవరు చెక్కారో తోటి పనివాళ్లు చూసి చెప్పేస్తారట.

అన్నిటికన్నా ఆశ్చర్యం ఇంకోటుంది. ప్రతి వాచీనీ రెండుసార్లు బిగిస్తారు! పలకలు చేసేది జర్మన్ సిల్వర్‌తో. పేరులోనే తప్ప అందులో వెండి లేదు. రాగి, నికెల్, జింకుల మిశ్రమం. పైన ఏ పూతా వేయరు కాబట్టి వేలు తగిలినా మరక పడుతుంది, చిన్న గీత పడినా కనిపిస్తుంది. అందుకని ముందు వాచీ మొత్తం బిగించి, నడిపించి, సరిచూసి, మళ్లీ దేనికది విప్పేస్తారు. కడిగి, నగిషీలు పూర్తిచేసి, కొత్త మరలతో రెండోసారి బిగిస్తారు. ఇందులో సగం శ్రమ వాచీ కొన్నవాడికి ఎన్నటికీ కనిపించని చోట్ల పడేదే. ఇదంతా అవసరమా అంటే సమయం చూసుకోవడానికైతే అక్కర్లేదు. రోడ్డు పక్కన దొరికే చవక క్వార్ట్జ్ వాచీ దీనికన్నా కచ్చితంగా టైము చెబుతుంది.

సుల్తానుకి కానుక... శిథిలంగా దొరికిన అద్భుతం

కొడుకుల కాలంలో కంపెనీ పేరు మార్మోగింది. 1898లో జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ టర్కీ వెళ్తూ సుల్తాన్ అబ్దుల్ హమీద్‌కి కానుకగా లాంగె జేబు గడియారమే చేయించి పట్టుకెళ్లాడు. వ్యాపార వ్యవహారాలు చూసిన ఎమిల్‌ది రాజసం. రిచర్డ్‌ది పరిశోధన. హెయిర్ స్ప్రింగ్ తయారుచేసే నికెల్ ఉక్కులో కాస్త బెరీలియం కలిపితే వేడికీ అయస్కాంతానికీ తట్టుకుంటుందని కనిపెట్టి 1930లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటికాయన వయసు 84. తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచంలోని వాచీ కంపెనీలు చాలావరకు వాడుకున్న స్ప్రింగులకి దారి చూపింది ఆ ఊహే.

1902లో వియన్నాలోని ఒక కొనుగోలుదారుకి అమ్మిన 42500 నంబరు జేబు గడియారం మాత్రం వేరే లెవెల్. గంటలు కొడుతుంది, కోరినప్పుడు నిమిషాలతో సహా మోగించి చెబుతుంది, లీపు సంవత్సరాలతో సహా తేదీ, చంద్రకళలు చూపిస్తుంది. లోపల 833 భాగాలు. ఖరీదు 5,600 మార్కులు. ఆ రోజుల్లో ఆ డబ్బుతో మంచి ఇల్లే వచ్చేదంటారు. తర్వాత అది ఎటుపోయిందో తెలియలేదు. 2001లో ఒకరు గ్లాస్‌హ్యూటెకి ఒక తుప్పుముద్దని పట్టుకొచ్చారు. చూస్తే అదే! దాన్ని బాగుచేయడానికి ఏళ్లు పట్టింది.

యుద్ధం ముగిసిన రోజే...

1939 తర్వాత గ్లాస్‌హ్యూటెలో పూల నగిషీలకు తీరిక లేకపోయింది. జర్మన్ వైమానిక దళానికి పెద్ద పెద్ద వాచీలు కావాలి. 55 మిల్లీమీటర్ల వెడల్పు, చీకట్లో మెరిసే అంకెలు. విమానంలో దారి లెక్కకట్టేవాళ్లు తోలుకోటు చేతిమీంచి కట్టుకునేవారు. వాటిని చేసిన కంపెనీల్లో లాంగె ఒకటి. కంపెనీ చరిత్రలో ఈ పేజీని దాటేసి పోవడం కుదరదు.

1945 మే 8. యుద్ధం ఐరోపాలో అధికారికంగా ముగిసిన రోజు. ఆ రోజే సోవియట్ విమానాలు గ్లాస్‌హ్యూటె మీద బాంబులు వేశాయి. లాంగె ప్రధాన కార్ఖానా నేలమట్టమైంది. యుద్ధంలో గాయపడి ఇల్లు చేరిన వాల్టర్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు. ఆస్ట్రియాలోని కార్ల్‌స్టైన్ వాచీల బడిలో పని నేర్చుకుంటుండగా సైన్యంలోకి పట్టుకుపోయారు. తిరిగొచ్చి చూస్తే నేర్చిన పని చేయడానికి చోటే లేదు.

అయినా కుటుంబమూ పనివాళ్లూ శిథిలాల్లోంచి యంత్రాలు ఏరుకుని మళ్లీ మొదలుపెట్టారు. అది మూడేళ్ల ముచ్చటే. 1948 ఏప్రిల్ 20న సోవియట్ ఆక్రమిత ప్రభుత్వం కంపెనీని స్వాధీనం చేసుకుంది. నూటరెండేళ్లకు పైగా కుటుంబం చేతుల్లో ఉన్నది ఒక్క కాగితంతో పోయింది. వాల్టర్ అక్కడే ఉండాలంటే ప్రభుత్వం చెప్పిన యూనియన్‌లో చేరాలి. ఆయన కాదన్నాడు. దాంతో యురేనియం గనికి పంపిస్తారన్న కబురు వచ్చింది. 1948 నవంబరులో పశ్చిమానికి పారిపోయాడు.

అటు పేరు... ఇటు చేతులు

ఇక్కణ్నుంచి కథ రెండుగా చీలిపోయింది.

వాల్టర్ పశ్చిమ జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ చేరాడు. నగలకూ వాచీలకూ పేరున్న ఊరది. అన్నదమ్ములతో కలిసి లాంగె పేరుతో వాచీలు చేయాలని చూశాడు. అది నిలబడలేదు. బతుకుతెరువు కోసం వాచీల వ్యాపారంలోనే ఏదో ఒక పని చేసుకుంటూ గడిపాడు. ఆయన దగ్గరున్నది పేరొక్కటే.

గ్లాస్‌హ్యూటెలో 1951లో లాంగెతో సహా ఏడు సంస్థలని కలిపేసి ఒకే ప్రభుత్వ కర్మాగారం చేశారు. డయలు మీద లాంగె పేరు మాయమైంది. జీయూబీ అని పొడి అక్షరాలు మిగిలాయి. ఈ భాగాన్ని చాలామంది 'చీకటి కాలం' అని ఒక్కమాటలో దాటేస్తుంటారు. అది అన్యాయం. యంత్రాలు చాలావరకు సోవియట్ యూనియన్‌కి తరలిపోయిన ఊళ్లో, ఆ కార్మికులు చేతికందిన పరికరాలతో మళ్లీ వాచీలు చేశారు. 1960ల్లో కీ అక్కర్లేకుండా చేతి కదలికతోనే నడిచే 'స్పెజిమాటిక్' వాచీలు లక్షల్లో తయారుచేశారు. సామాన్యుడు కొనుక్కోగలిగే గట్టి వాచీలవి. కర్మాగారంలో రెండు వేల మందికి పైగా పనిచేసేవారు. తండ్రి దగ్గర్నుంచి కొడుక్కి, పక్కబల్ల మీది పెద్దాయన దగ్గర్నుంచి కొత్తగా చేరిన అమ్మాయికి పని అందుతూ వచ్చింది. అడాల్ఫ్ ఆ పదిహేను మందికి నేర్పిన విద్య, ఆయన పేరు చెప్పుకోకుండానే, నలభై ఏళ్లు అక్కడ బతికింది.

మధ్యలో 1969 డిసెంబరులో జపాన్‌వాళ్ల సైకో కంపెనీ క్వార్ట్జ్ చేతివాచీ తెచ్చింది. కమాను లేదు, కీ లేదు. బ్యాటరీ వేస్తే చాలు. పదిహేనేళ్లలో స్విస్ వాచీ పరిశ్రమలో మూడింట రెండొంతుల ఉద్యోగాలు ఊడ్చుకుపోయాయి. లాంగె కంపెనీ ఉండి ఉన్నా ఆ తుపానుకి నిలిచేదా అంటే చెప్పడం కష్టం. తెరల వెనక ఉండటం వల్లే తప్పించుకుందని నవ్వుతూ అనేవాళ్లూ ఉన్నారు!

66 ఏళ్ల 'కొత్త' వ్యాపారి

1989 నవంబరు 9న బెర్లిన్ గోడ కూలింది. వాల్టర్‌కి అప్పుడు 65 ఏళ్లు. మనవాళ్లైతే రిటైరై మనవల్ని ఆడించుకునే వయసు. ఆయన గ్లాస్‌హ్యూటె దారి పట్టాడు.

తోడొచ్చిన మనిషి గుంటర్ బ్లూమ్‌లైన్. ఐడబ్ల్యూసీ, జెగర్ లెకూల్త్ర్ అనే రెండు స్విస్ వాచీ కంపెనీలు క్వార్ట్జ్ దెబ్బకి చతికిలపడితే వాటిని లేపి నిలబెట్టినవాడు. వెనక పెద్ద పారిశ్రామిక సంస్థ పెట్టుబడి. వాల్టర్ తెచ్చింది పేరు, జ్ఞాపకం. ఇద్దరూ ముహూర్తం ఎంచుకున్నారు... 1990 డిసెంబరు 7. ముత్తాత పని మొదలుపెట్టి సరిగ్గా 145 ఏళ్లు. ఆ రోజున కంపెనీ మళ్లీ రిజిస్టరైంది. భవనం లేదు, యంత్రాల్లేవు, ఉద్యోగులు లేరు, అమ్మడానికి ఒక్క వాచీ లేదు.

ఊరి పరిస్థితీ అంతంతమాత్రమే. జర్మనీలు కలిసిపోయాక ప్రభుత్వ కర్మాగారం సరుకు కొనేవాళ్లు లేకపోయారు. వేల ఉద్యోగాలు పోయి వందల్లోకి వచ్చాయి. వెండి అయిపోయిన నాటి గ్లాస్‌హ్యూటె మళ్లీ కళ్లముందుకొచ్చింది. అయితే ఒక తేడా ఉంది. 1845లో అక్కడివాళ్లకి వాచీ అంటే తెలియదు. 1990లో వాచీ తప్ప ఇంకో పని తెలియదు! కొత్త కంపెనీ మొదట చేర్చుకున్న వాళ్లలో ఎక్కువమంది ఆ ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసినవాళ్లే. వాళ్లని స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజన్‌లో ఐడబ్ల్యూసీకి పంపి మెరుగులు దిద్దించారు. నిన్నటిదాకా వేలల్లో చవక వాచీలు చేసిన చేతులకి, ఒక్క మరని నీలంగా కాల్చడానికి ఓపిక పట్టడం మళ్లీ నేర్పించాల్సి వచ్చింది.

నాలుగేళ్లు బయటికి ఒక్క వాచీ రాలేదు. వచ్చినరోజు... అదే, డ్రెస్డెన్ ప్రాసాదంలో 1994 అక్టోబరు 24. ఆ నాలుగు వాచీల్లో రెండు అందరినీ ఆపేశాయి. ఒకటి 'టూర్‌బియాన్ పూర్ ల మెరీట్'. కమాను బిగువుగా ఉన్నా వదులైనా చక్రాలకి ఒకే బలం అందేలా అందులో ఒక గొలుసు పెట్టారు. సైకిల్ చెయిన్‌కి చిట్టిరూపం అనుకోవచ్చు. గుండుసూదికన్నా సన్నని ఆ గొలుసులో ఆరువందలకు పైగా ముక్కలు.

రెండోది 'లాంగె 1'. డయలు చూస్తే అంతా పక్కకి జరిగిపోయినట్టుంటుంది. గంటల ముళ్లు ఒక మూల, సెకన్ల ముల్లు ఇంకో మూల, పైన పెద్ద పెద్ద అంకెల్లో తేదీ. మామూలు వాచీలో తేదీ కిటికీ చీమంత. చత్వారం వచ్చినవాళ్లకి పరీక్షే. ఇందులో పదుల అంకెకొకటి, ఒకట్ల అంకెకొకటి రెండు కిటికీలు. ఈ ఊహ ఎక్కడిదంటే, డ్రెస్డెన్ ఒపెరా హాలు వేదిక మీది గడియారం. దానికి ముళ్లుండవు. ఒక కిటికీలో గంట, పక్క కిటికీలో ఐదేసి నిమిషాలకి మారే అంకె. చీకట్లో చివరి వరసలో కూర్చున్నవాళ్లకీ కనిపించాలని 1841లో దాన్ని చేసింది ఎవరో కాదు... అడాల్ఫ్ గురువూ మామగారూ అయిన గుట్కేస్! శిష్యుడూ అందులో చేయి వేశాడని చెబుతారు. హాలు ఒకసారి అగ్నికి, ఒకసారి బాంబులకి ఆహుతైంది. మళ్లీ కట్టిన ప్రతిసారీ ఆ గడియారాన్నీ పెట్టారు.

ఆ రోజు పన్నెండు మంది దుకాణదారులు వచ్చారు. తయారుగా ఉన్నవి 123 వాచీలు. అన్నీ అక్కడే అమ్ముడైపోయాయి.

వరదొచ్చినా...

2000లో కంపెనీ స్విస్ సంస్థ రిష్‌మాంట్ చేతుల్లోకి వెళ్లింది. లాంగె కుటుంబం పేరున్నా యాజమాన్యం కుటుంబానిది కాదిప్పుడు. ఆ మరుసటేడే బ్లూమ్‌లైన్ చనిపోయాడు, 58 ఏళ్లకే. అదే ఏడాది డిసెంబరు 7న పాత లాంగె ఇంటిని బాగుచేసి మళ్లీ తెరిచారు. సంతోషం నిలవనీయకుండా 2002 ఆగస్టులో ఊరి ఎగువన వరదనీటి కట్ట తెగింది. బురదనీళ్లు వీధుల్ని ముంచెత్తాయి. జనం బురద ఎత్తిపోసి మళ్లీ బల్లల ముందు కూర్చున్నారు.

ఇవాళ ఏడు వేల జనాభా కూడా లేని ఆ ఊళ్లో పలు వాచీ కంపెనీలున్నాయి. పాత ప్రభుత్వ కర్మాగారం వారసత్వంగా వచ్చిన 'గ్లాస్‌హ్యూటె ఒరిజినల్' ఉంది. కాస్త అందుబాటు ధరల్లో చేసే 'నోమోస్' ఉంది. లాంగె సొంతంగా 1997లో పెట్టిన బడి ఉంది. వాచీ మీద 'గ్లాస్‌హ్యూటె' అని రాసుకోవాలంటే ఆ ఊళ్లో జరగాల్సిన పనికి చట్టమే లెక్క పెట్టింది. మన తిరుపతి లడ్డుకీ పోచంపల్లి చీరకీ ఉన్న రక్షణ లాంటిదే. 2015లో, అడాల్ఫ్ 200వ జయంతి ఏడాదిలో, లాంగె కొత్త భవనాన్ని అప్పటి చాన్సలర్ ఏంజెలా మెర్కెల్ ప్రారంభించారు. తూర్పు జర్మనీలో పెరిగిన మనిషి ఆమె. ఆ ఊరు ఏం పోగొట్టుకుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఏడాదికి చేసేది కొన్ని వేల వాచీలే. మామూలు రకమే పదుల లక్షల రూపాయలు. 2013లో చేసిన 'గ్రాండ్ కాంప్లికేషన్' అయితే దాదాపు 19 లక్షల యూరోలు. చేసింది ఆరంటే ఆరే. గడ్డి అల్లినవాళ్ల ముని మునిమనవలు చేసే వాచీని వాళ్లే కొనుక్కోలేరు. ఆ మాటకొస్తే పట్టుచీర నేసేవాడి ఇంట్లో పట్టుచీర ఉంటుందా?

2017 జనవరి 17న వాల్టర్ లాంగె కన్నుమూశారు. 92 ఏళ్లు. కంపెనీ ఆయన జ్ఞాపకార్థం చేసిన వాచీల లెక్కలో కూడా పట్టింపు చూపించింది. తెల్లబంగారంలో 145, ఎర్రబంగారంలో 90, పసుపుబంగారంలో 27. మొదటిది 1845కీ 1990కీ మధ్య గడిచిన ఏళ్లు. రెండోది కంపెనీ మళ్లీ పుట్టిన ఏడు. మూడోది అక్కణ్నుంచి ఈ వాచీ వచ్చేదాకా గడిచిన ఏళ్లు. ఇవికాక ఉక్కుతో ఒకే ఒక్కటి చేశారు. బంగారం వాచీలన్నిటినీ మించి ఆ ఉక్కు వాచీయే 2018 వేలంలో ఎనిమిదిన్నర లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. ఆ డబ్బు పిల్లల సేవాసంస్థకి ఇచ్చేశారు.

ఆ వాచీలో సెకన్ల ముళ్లు రెండు. 1867లో అడాల్ఫ్ చేసిన జేబు గడియారం దానికి మాతృక. చిన్న ముల్లు కింద తనమానాన తిరుగుతుంటుంది. మధ్యలోని పెద్దది సెకనుకో గెంతు వేస్తుంది. పక్కనున్న మీట నొక్కితే పెద్దముల్లు టక్కున నిలబడిపోతుంది. లోపల గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇంకోసారి నొక్కితే ఆగినచోటి నుంచే పెద్దముల్లు మళ్లీ బయల్దేరుతుంది.